వైరు కాయిల్‌తో గ్రహాల దూరం కొలిచినాం

నాది కర్నూల్లో హౌస్ వైరింగ్ పని. మా పాప ఎనిమిదో తరగతి, సైన్స్ ఫేర్‌కి సౌర కుటుంబం చార్ట్ చేసియ్యమని పట్టుకుంది. దాంట్లో ఏముందిలే అని షాపులో దొరికే బొమ్మ చూసి ఎనిమిది గ్రహాలు రేషన్ క్యూలో నిలబడినట్టు వరసగా గీస్తా ఉంటే, "నాయనా, వీటి మధ్య దూరం అంతా సమానమేనా?" అనింది. ఆ ఒక్క మాటకి నా ఆదివారాలు రెండు పోయినాయి.

సరే లెక్క ప్రకారమే వేద్దామని చార్ట్ 70 సెంటీమీటర్లు కదా, ఆ కొసకి నెప్ట్యూన్ పెట్టి వెనక్కి వస్తే భూమి 2.3 సెంటీమీటర్ల దగ్గర పడింది, బుధుడైతే సూర్యుడి నుంచి సెంటీమీటరు కూడా లేడు, అంగారకుడి దాకా నాలుగూ మూడున్నర సెంటీమీటర్లలోనే ఇరుక్కుని పేర్లు రాయడానికే జాగా లేదు. షాపు బొమ్మలు ఎందుకు అబద్ధం చెప్తాయో అప్పుడు అర్థమైంది.

మూలన వైరు కాయిల్ ఉండె. కాయిల్ అంటే 90 మీటర్లు. సూర్యుడి నుంచి భూమికి దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు, అదే ఒక కాయిల్ అనుకుందాం అన్నా. ఆ లెక్కన సూర్యుడు 84 సెంటీమీటర్లు, 36 అంగుళాల ఫ్యాను తిరిగే చుట్టు కన్నా కొంచెం చిన్న. గురుడు మంచి సైజు చీనీకాయ. భూమి శనగ గింజ, దానికి చంద్రుడు జానెడు దూరం. పాప గింజ పక్కన చెయ్యి పెట్టి తీసి పెట్టి తీసి, "మనుషులు పోయింది ఈ జానెడేనా?" అంటుంది.

పొద్దున్నే కేసీ కెనాల్ గట్టుకి పోయి కాయిల్ విప్పినాం. శుక్రుడు 65 మీటర్లు, అంగారకుడు 137, అంతవరకు నడకే. గురుడికి ఐదు కాయిళ్ళ పైన, శనికి తొమ్మిదిన్నర, ఇంక వైరుతో అయ్యే పని కాదని బండెక్కి మీటరు చూసుకుంటా పోయినాం, యురేనస్ 1.7 కిలోమీటర్లు, నెప్ట్యూన్ 2.7. అక్కడ ఆపి వెనక్కి చూస్తే సూర్యుడు యాడ కనపడతాడు, ఎనుములు కనపడినాయి.

నేను తప్పు చేసింది ఇంటికొచ్చినాక. గ్రహానికీ గ్రహానికీ మధ్య దూరం కావాలంటే తీసివేతే కదా అని 90లో 65 పోతే భూమికీ శుక్రుడికీ 25 మీటర్లు అని టేబుల్ రాసేసినా. మా అమ్మ చిక్కుడుకాయలు తుంచుకుంటా, "మూఢంలో శుక్రుడు సూర్యుడి పక్కకి పోతాడంటారే, అప్పుడు కూడా అంతేనా?" అనింది. నేను కాయిల్ కాడ్నే ఆగిపోయినా. అవి తిరుగుతుంటాయి కదా! మనకీ సూర్యుడికీ మధ్యలోకొస్తే శుక్రుడు 4 కోట్ల కిలోమీటర్లే, ఆ మూఢం వారం పది రోజుల్లో అయిపోతుంది. సూర్యుడి అవతలకి పోతే 26 కోట్లు, ఆ మూఢం రెండు నెలలు దాటుతుంది. పంచాంగంలో మాత్రం రెండిటికీ శుక్రమూఢమనే పేరు. "అయితే నీ చెల్లెలి పెళ్ళి రెండున్నర నెలలు ఆపింది అవతలి మూఢమన్నమాట" అని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

పాప అంతటితో వదల్లేదు. మిద్దె మీద చాక్‌పీసుకి దారం కట్టి భూమికి మూడడుగుల దారంతో చుట్టు, శుక్రుడికి 26 అంగుళాలు, బుధుడికి 14 గీసి, భూమిని ఒకచోట పెట్టి మిగతా రెండు చుట్ల మీద గడియారంలో లెక్క పన్నెండు చుక్కలు పెట్టి, టేపుతో అన్నీ కొలిచి సగటు తీసింది. శుక్రుడికి 41 అంగుళాలు వచ్చింది. బుధుడికి 37. అంటే ఎక్కువ కాలం మనకి దగ్గరుండేది బుధుడే, నేను టేపు తప్పు పట్టినావని మళ్ళీ కొలిపించినా, అదే వచ్చింది. 2019లో సైంటిస్టులు కూడా ఇదే లెక్క రాసినారని తర్వాత తెలిసింది. శుక్రుడు దగ్గరికొస్తే అందరికన్నా దగ్గరికొస్తాడు, కానీ దూరం పోయినప్పుడు అంత దూరమూ పోతాడు, బుధుడు పాపం సూర్యుడి కొంగు పట్టుకునే తిరుగుతాడు కాబట్టి మరీ దూరం పోడు.

ఫేర్‌లో చూడ్డానికొచ్చిన ఒక సారు లైట్లు పెట్టలేదేమమ్మా, మీ నాయన ఎలక్ట్రీషియనే కదా అన్నాడంట. ప్రైజు రాలేదు. కాయిల్ గట్టు రాళ్ళకి రెండుచోట్ల గీసుకుపోయి ఉండె, కస్టమర్ ఇంటికి వేయలేక మా మోటరుకే వాడుకున్నా.