పోర్టల్ పిల్లలు అన్నాడు మమ్మల్ని

పోయిన నెల మా టీమ్‌లో మన కుర్రాడొకడు పేపర్లు పెట్టేశాడు. రిలీజ్ పీకల మీద ఉంది, ఆ మాడ్యూల్ మొత్తం వాడి చేతుల మీదే నడుస్తోంది. స్టాండప్ మీటింగ్ అయ్యాక మా లీడ్ నన్ను పక్కకి పిలిచి, "మీవాళ్ళు అచ్చం పోర్టల్ పిల్లల్లా తయారయ్యారు, కూర్చోబెట్టి నేర్పేది మేము, పని రాగానే ఇంకోడు నాలుగు డాలర్లు ఎక్కువిస్తానంటే వెళ్ళిపోతారు" అన్నాడు. చెడ్డ మనిషి కాదు, నేనొచ్చిన కొత్తలో మంచులో కారు నడపడం పక్కన కూర్చుని నేర్పింది ఆయనే. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది ఆ మాట. అక్కడ ఏమీ అనలేదు, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే మాత్రం ముద్ద దిగలేదు.

అమెరికాలో, అందులోనూ మా ఇండియానా రాష్ట్రంలో ఉండేవాళ్ళకి పోర్టల్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు, ఇక్కడ మార్చి నెలొస్తే ఆఫీసుల్లో బాస్కెట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. మిగతావాళ్ళ కోసం చెప్తా. ఇదివరకు కాలేజీ ఆటగాడు ఒక యూనివర్సిటీ వదిలి ఇంకోదానికి పోతే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిందే. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ పెట్టారు, అందులో పేరు ఎక్కిస్తే వేరే కోచ్‌లు మాట్లాడుకోవచ్చు. 2021లో మొదటిసారి మారితే కూర్చోనక్కర్లేదన్నారు, అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద యాడ్స్ చేసి సంపాదించుకోవచ్చన్నారు, 2024లో చదువులో వెనకబడకపోతే ఎన్నిసార్లు మారినా పర్లేదన్నారు, 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బులివ్వడం మొదలైంది, అన్ని ఆటలకీ కలిపి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీ దాదాపు 2 కోట్ల డాలర్ల దాకా. ఇంకేముంది, 2025లో ఒక్క మగపిల్లల బాస్కెట్‌బాల్‌లోనే 2 వేల మందికి పైగా పోర్టల్‌లో పేరిచ్చారు. పై డివిజన్‌లో ఉన్నవి 360 పైచిలుకు టీములు, టీముకి ఓ 13, 15 మంది. లెక్క మీరే వేసుకోండి.

మా లీడ్ లాంటి పాతకాలం అభిమానులకి ఇది కడుపుమంట, అది నాకూ అర్థమవుతుంది. పదిహేనేళ్ళప్పుడు హైస్కూల్ జిమ్‌లో చూసిన పిల్లాడు నాలుగేళ్ళు మన జెర్సీలోనే ఎదగాలని కోరుకోవడంలో తప్పేం లేదు. నా బాధల్లా ఒకటే. ఆ నాలుగేళ్ళూ ఆ పిల్లాడిని ఉంచుకుంటామని అవతలివాళ్ళు మాటిచ్చారా అని ఎవరూ అడగరు.

2023 మార్చి తీసుకోండి. 16వ సీడ్, అంటే అట్టడుగు ర్యాంకు టీమ్ అయిన ఫెయర్‌లీ డికిన్సన్ చేతిలో మా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీ 63-58తో ఓడిపోయింది, మా ఫ్లోర్‌లో రెండు రోజులు ఎవరూ నవ్వలేదు. ఆ గెలిచిన టీమ్ కోచ్ ఏమయ్యాడో తెలుసా? వారం తిరక్కుండా అయోనా యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. ఆ సీటు ఎందుకు ఖాళీ అయ్యిందంటే అక్కడి కోచ్ రిక్ పిటినో సెయింట్ జాన్స్‌కి వెళ్ళాడు కాబట్టి. అయోనా ఈయన్నైనా ఉంచిందా అంటే రెండు సీజన్లయ్యాక పంపించేసింది. మరుసటేడాది కాలిపారి అనే కోచ్ కెంటకీ వదిలి ఆర్కాన్సాకి పోతే, కొత్తగా వచ్చిన మార్క్ పోప్‌కి స్కాలర్‌షిప్ మీద మిగిలిన ఆటగాడు ఒక్కడంటే ఒక్కడు లేడు, టీమ్‌లో ఎక్కువమందిని పోర్టల్‌లోంచే ఏరి తెచ్చుకున్నాడు. వీళ్ళని నేను తప్పుపట్టట్లేదు, మంచి ఉద్యోగమొస్తే ఎవరైనా పోతారు. కానీ కోచ్ మారితే అది కెరీర్, ఆటగాళ్ళు ఏడాది కూర్చున్న రోజుల్లో కూడా కోచ్‌ని కూర్చోమని ఎవరూ చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు మారితే విశ్వాసం లేదంటారు. సీజన్ అయ్యాక కోచ్ గదికి పిలిచి "వచ్చే ఏడాది నీకు ఆడే టైమ్ దొరక్కపోవచ్చు" అంటే చాలు, ఆ పిల్లాడికి అర్థమైపోతుంది. పోర్టల్‌లో పేరెక్కేది వాడిదే, మాట పడేదీ వాడే. పేరెక్కించాక పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు, కొత్త కాలేజీ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

ఇప్పుడు మా కుర్రాడి సంగతి. హెచ్-1బి వర్క్ వీసా మీద ఐదో ఏడు నడుస్తోంది వాడికి. ఆరేళ్ళే పరిమితి, ఈలోపు గ్రీన్ కార్డ్ పని మొదలై ఓ దశకి రాకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. మూడో ఏడు నుంచి అడుగుతున్నాడు, "క్వార్టర్ అయ్యాక చూద్దాం" అని, "బడ్జెట్ రానీ" అని. పెళ్ళయ్యింది, భార్య కడుపుతో ఉంది. వాళ్ళమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ అదే ప్రశ్న. ఇంకో కంపెనీ వాళ్ళు చేరిన వెంటనే పర్మ్, అంటే గ్రీన్ కార్డ్‌కి మొదటి మెట్టు, మొదలెడతామని ఆఫర్ లెటర్‌లోనే రాసిచ్చారు. జీతం తేడా ఏమంత కాదు, నాకు చూపించాడు. "అన్నా, నేను తప్పు చేస్తున్నానా" అని పార్కింగ్ లాట్‌లో నిలబడి అడిగాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాలుగు డాలర్లకి పోయేవాడు అట్లా అడుగుతాడా చెప్పండి. అదే కంపెనీ రేపు ప్రాజెక్ట్ లేదంటే వాడికి 60 రోజులు, ఆలోపు ఇంకో చోటు దొరక్కపోతే దేశమే వదలాలి. పోర్టల్ గడువైనా ఏడాదికోసారి వస్తుంది, మాకు ఎప్పుడొస్తుందో తెలీదు.

ఇదంతా చెప్తున్నా గానీ, లీడ్ మాటలో నాకు నచ్చేదీ ఒకటుంది, దాన్ని దాచుకోలేను. ఆయన పర్డ్యూవాడు, వాళ్ళ కోచ్ మాట్ పెయింటర్ పేరెత్తితే గొంతు మారిపోతుంది. పెయింటర్ 2005 నుంచి అక్కడే ఉన్నాడు, తను ఆడింది కూడా ఆ కాలేజీకే. ఒకసారి లీడ్ నన్ను పర్డ్యూ ఆడే మ్యాకీ అరీనాకి తీసుకెళ్ళాడు, వెస్ట్ లఫయెట్ మాకు గంట దారి. ఆట కంటే ముందు జరిగిందే నాకు బాగా గుర్తుండిపోయింది. స్టాండ్స్ ఇంకా నిండలేదు, ఒక అసిస్టెంట్ కోచ్ చేతులకి దిండుల్లాంటి ప్యాడ్స్ తొడుక్కుని బుట్ట కింద నిలబడ్డాడు, తాటిచెట్టంత కుర్రాడొకడు బంతి పట్టుకుని తిరగ్గానే ఛాతీ మీద ధన్‌మని ఒక్క గుద్దు, ఆ గుద్దుకి తూలకుండా ఎడంచేత్తో బంతి వెయ్యాలి. మళ్ళీ. మళ్ళీ. పడకపోయినా ఆ కోచ్ అరవలేదు, కుర్రాడి ఎడమ పాదాన్ని తన బూటుతో ఇంత పక్కకి జరిపాడు, అంతే. తర్వాతది పడింది.

అట్లా తయారైనవాడే జాక్ ఈడీ. టొరంటో పిల్లాడు, 7 అడుగుల 4 అంగుళాలు, చిన్నప్పుడు ఆడింది హాకీ, బేస్‌బాల్, హైస్కూల్‌కి వచ్చాకే ఈ ఆట పట్టాడు. ర్యాంకుల్లో ఎక్కడో 400 అవతల ఉన్నవాడిని పెయింటర్ తెచ్చుకున్నాడు. మొదటేడు ఆటకి సగటున 8.7 పాయింట్లు, తర్వాత 14, తర్వాత 22, నాలుగో ఏడు 25. రెండేళ్ళు వరసగా దేశంలోనే బెస్ట్ ప్లేయర్. 2024లో ఫైనల్‌కి తీసుకెళ్ళాడు, యూకాన్ చేతిలో ఓడారు, తర్వాత ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో తొమ్మిదోవాడిగా మెంఫిస్ తీసుకుంది. మనవాళ్ళు గమనించాల్సింది ఇంకోటుంది. కెనడావాడు కాబట్టి స్టూడెంట్ వీసా. పక్కనున్న అమెరికన్ పిల్లలు యాడ్స్ చేసుకుంటుంటే దేశం మొత్తంలో పేరున్న ఈ కుర్రాడు ఇక్కడ అట్లా పనిచేసి డబ్బు తీసుకుంటే స్టేటస్‌కే ఎసరు. కాంగో నుంచి వచ్చిన ఆస్కార్ షీబ్వే అని కెంటకీ ఆటగాడైతే, టీమ్ బహామాస్ వెళ్ళినప్పుడు అక్కడ ఆ యాడ్స్ పనులు చేసుకుని సంపాదించుకున్నాడు. సీపీటీ, ఓపీటీ అంటూ స్టూడెంట్ వీసా మీద పనికిచ్చే అనుమతుల రోజులు లెక్కపెట్టుకున్న మనకి ఈ బాధ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

పర్డ్యూలోనే ఆడిన ట్రే కాఫ్‌మన్-రెన్ సంగతి ఇంకా గట్టిది. మొదటేడు ఒక్క మ్యాచ్ ఆడకుండా రెడ్‌షర్ట్, ప్రాక్టీస్ మాత్రమే. ఈడీ ఉన్నన్నాళ్ళూ వాడి నీడలోనే. ఓపిక పట్టి 2024-25లో ఆటకి 20 పాయింట్లు కొట్టాడు. మా లీడ్ ఈ ఉదాహరణే నా మొహాన కొడతాడు. నేను అడిగేది ఏంటంటే, ఆ పిల్లాడు ఎందుకు ఉన్నాడు? రోజూ ఆ ప్యాడ్ తొడుక్కుని వచ్చేవాడు ఒకడున్నాడు కాబట్టి, వచ్చే ఏడు కోచ్ ఇక్కడే ఉంటాడన్న నమ్మకం ఉంది కాబట్టి. నారు పోశారు, నీరూ పోశారు. పోనీ పర్డ్యూ నుంచి ఎవరూ పోలేదా? 2025లో కామ్‌డెన్ హైడ్ టెక్సాస్‌కి, మైల్స్ కోల్విన్ వేక్ ఫారెస్ట్‌కి వెళ్ళారు. ఆడే టైమ్ కావాలి, పోయారు. అంతమాత్రాన పెయింటర్ నేర్పింది వృథా కాదు, ఆ పిల్లలు ద్రోహులూ కారు.

మనమూ తక్కువేం కాదులెండి. 2014లో సైనా గోపీచంద్ అకాడమీ వదిలి బెంగళూరు వెళ్తే హైదరాబాద్‌లో ఎన్ని మాటలన్నారు! మరుసటేడు వరల్డ్ నంబర్ వన్ అయ్యింది, 2017లో మళ్ళీ గోపీచంద్ దగ్గరికే వచ్చింది. మా నాన్నగారు ఆర్టీసీలో ఒకే డిపోలో చేరి అక్కడే రిటైరయ్యారు, నేను కంపెనీ మారిన ప్రతిసారీ "మళ్ళీనా రా, అన్నం పెట్టినవాళ్ళని అట్లా వదిలేస్తే ఎట్లా" అంటారు. మీకు పెన్షన్ వస్తోంది నాన్నా అని చెప్పాలనిపిస్తుంది నాకు, చెప్పను. ఆయనకి డిపో మాటిచ్చింది, నిలబెట్టుకుంది. అట్లా ఉంటే నేనూ కదిలేవాడిని కాదు, నిజంగా చెప్తున్నా, ఏడాదికో అపార్ట్‌మెంట్‌లో పప్పుల డబ్బాలు సర్దుకోవడం నాకేం సరదా కాదు.

పోయిన శుక్రవారం లంచ్‌లో ఇదంతా లీడ్‌కి చెప్పేశాను, కోచ్‌ల సంగతితో సహా. కోచ్‌ల దగ్గర ఒప్పుకున్నాడు, మా కుర్రాడి దగ్గర ఒప్పుకోలేదు, "రిలీజ్ అయ్యేదాకా ఆగొచ్చుగా" అన్నాడు. ఆగితే ఆ ఆఫర్ ఆగదు కదా అన్నాను. వాడి గ్రీన్ కార్డ్ మొదలవ్వలేదన్న సంగతి ఆయనకి అసలు తెలీదట, అది హెచ్‌ఆర్ చూసుకుంటుందనుకున్నాడట. వాడి ప్లేస్‌లో వరంగల్ అమ్మాయి ఒకామె వచ్చే నెల చేరుతోంది. మొదటేడే ఆమెకి పర్మ్ మొదలుపెట్టమని ఇద్దరం కలిసి మేనేజర్‌కి మెయిల్ రాశాం, ఆయన పేరు కూడా కింద పెట్టాడు. జవాబు ఇంకా రాలేదు, ఈ వారం మళ్ళీ అడుగుతా.