భార్యను విడిగా కూర్చోబెట్టి అడగాలి

సోమవారం కాబట్టి ఓపీ కిటకిటలాడింది. తాగుడు మానేందుకు మా దగ్గర చేరి డిశ్చార్జి అయిన ఒకాయన భార్యతో ఫాలోఅప్‌కి వచ్చాడు. ఆమె గుంటూరు మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్తుంది. నేను ఏం అడిగినా ముందు ఆయన మొహం చూసి, తర్వాత జవాబు చెబుతోంది. ఆయన్ని రక్తపరీక్షకు పంపి, తలుపు వేసి, “ఇంట్లో కొడుతున్నాడా అమ్మా?” అని సూటిగానే అడిగాను.

“తాగినప్పుడు బాగా కొట్టేవాడు మేడం. ఇప్పుడు తాగట్లేదు. కూలి డబ్బులు చేతికియ్యకపోతే మాత్రం కొడతాడు.”

మందు మానితే అన్నీ సర్దుకుంటాయని అత్తామామలే కాదు, మా స్టాఫ్ కూడా నమ్ముతారు. కొన్ని ఇళ్లలో దెబ్బలు తగ్గే మాట నిజమే. కానీ భార్య జీతం, ఫోను, రాకపోకలు తన గుప్పిట్లో ఉండాలనుకునే మనిషి సీసా పక్కన పెట్టినా మారడు. మా అడ్మిషన్ ఫారంలో రోజుకెంత తాగుతాడు, పొద్దున్నే చేతులు వణుకుతాయా అని వివరంగా ఉంటుంది. ఇంట్లో ఎవరు ఎవరికి భయపడుతున్నారో అడిగే గడి ఒక్కటీ లేదు. హిట్స్ అని నాలుగే ప్రశ్నల పద్ధతి ఉంది: కొడతాడా, అవమానిస్తాడా, బెదిరిస్తాడా, అరిచి తిడతాడా. రెండు నిమిషాల పని. నేనైతే గొంతు పట్టుకున్నాడా అని కూడా అడుగుతాను. దానికి అవునంటే ప్రాణాపాయం దగ్గర్లో ఉన్నట్టే.

అడిగితే మాత్రం అడిగి వదిలేయకూడదు. ఆమె చెప్పింది భర్త కేస్ షీట్‌లో అసలు రాయకూడదు, ఆ ఫైలు ఆయన చేతుల్లోకే వెళ్తుంది. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ కుదర్చడం ఇంకా ప్రమాదం. ఇక్కడ నోరు విప్పినందుకు ఇంటికెళ్లాక దెబ్బలు తినేది ఆమే.

వెళ్లబోతూ, మందు మాన్పించే మాత్ర పప్పులో కలిపి పెట్టొచ్చా అని అడిగింది. పక్కింటావిడ చెప్పిందట. వద్దే వద్దన్నాను. తెలియక దానిమీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కలిపిందని తెలిస్తే ఆమెను బతకనిస్తాడా?

మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఫోన్‌లో పెట్టుకోకుండా నోటికి నేర్చుకోమన్నాను. 2005 గృహ హింస చట్టం కింద విడాకులు తీసుకోకుండానే రక్షణ అడగొచ్చని, ఆ ఇంట్లో ఉండే హక్కు తనకుందని చెప్పాను. “ఇల్లు ఆయన పేరు మీదుంది కదా మేడం” అంది. ఉన్నా సరేనన్నాను. అది రెండుసార్లు చెప్పించుకుంది.

రేపటి మీటింగ్‌లో ఒక్కటే అడుగుతాను: చేరే రోజే ఇంటావిడతో పది నిమిషాలు, తలుపు వేసిన గదిలో, అత్తగారు కూడా లేకుండా.