సూర్యలంకలో చిన్నపిల్లలతో ఒక పూట

బాపట్ల స్టేషన్ నుంచి సూర్యలంక బీచ్ 9 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లొచ్చు. తెల్లారేసరికి ఇసుక మీద ఉండాలని మేం ముందు రాత్రే బాపట్లలో దిగాం. పసివాళ్లతో వెళ్తే ఇదే పద్ధతి. ఎండ ముదిరితే ఇసుక కాలుతుంది, పిల్లలు పేచీ పెడతారు. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం వద్దు. సముద్ర స్నానాలకొచ్చే ఆ జనంలో పిల్లాడు చెయ్యి వదిలితే వెతకడం కష్టం.

బయల్దేరే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకున్నాం. నీరు వెనక్కి తీసినప్పుడు బయటపడే తడి ఇసుకే పిల్లలకు అసలైన ఆటస్థలం. పోటు వేళ రోజుకు 50 నిమిషాల దాకా ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు ఇంకా పైకొస్తాయి, సంచులు తడి గీతకు బాగా ఎగువన పెట్టాలి.

ఈ తీరం మెల్లగా లోతవుతుంది. అలాగని ధీమా పనికిరాదు. అలలు విరిగేచోట భయపడి, పక్కనే నీళ్లు నిమ్మళంగా, కాస్త ముదురు రంగులో కనిపించేచోట పిల్లల్ని దింపుతుంటారు. అసలు ప్రమాదం అక్కడే. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే పాయ అలాగే ఉంటుంది.

మూడేళ్ల లోపు వాళ్లకు చీలమండ తడిసేంత నీరు చాలు. వెనక్కి పోయే అల మడమల కింది ఇసుకను కోసుకుపోతుంది. చూస్తుండగానే మడమలు గుంటలో దిగి, పిల్ల వెనక్కి కూలబడుతుంది. అప్పుడు చెయ్యి పట్టి గుంజితే మోచేయి కీలు జారొచ్చు. అందుకే చంకల కింద చేతులేసి ఎత్తాలి. ఒక పెద్దమనిషి సముద్రం వైపు, పిల్లలకన్నా ముందు నిలబడి ఉండాలి, చేతిలో ఫోను లేకుండా.

గాలి ట్యూబులు మేం తీసుకెళ్లలేదు. పొద్దున్నే గాలి తరచూ నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, ట్యూబుతోపాటు పిల్లల్నీ తోసుకుపోతుంది. నీలం, తెలుపు బట్టలు నీళ్లలో కనిపించవు. నారింజ రంగు చొక్కా దూరం నుంచీ తెలుస్తుంది.

నీళ్లలో దిగడానికి పావుగంట ముందు పిల్లలకు సన్‌స్క్రీన్ రాయాలి, రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. ఆరు నెలల్లోపు బిడ్డకైతే నీడే మేలు. పొద్దుటి ఎండ సముద్రం వైపు నుంచే పడుతుంది కనుక గొడుగు అటే వంచాం.

ఇసుకలో గుంట పిల్లల మోకాలి లోతు దాటకూడదు, అంచు కూలితే ఊపిరాడదు. లేచొచ్చేటప్పుడు పూడ్చేయాలి.

పెరుగన్నం, పులిహోర, తాగే నీళ్లు కాక 5 లీటర్ల మంచినీళ్ల క్యాను వేరుగా ఉంచుకున్నాం. కంట్లో ఇసుక పడితే నలపనివ్వకుండా ఆ నీళ్లే ధారగా పోయాలి. ఒంటి ఇసుకను తడి మీద రుద్దితే చర్మం గీసుకుపోతుంది. ఆరనిచ్చి దులిపితే చాలావరకు రాలిపోతుంది, మిగిలింది తొడల మడతల్లో ఉంటుంది. అది కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాసి పొడి బట్టలు వేస్తే ప్రయాణంలో మంటపుట్టదు.