తలుపు బయటి గడియ

రాత్రి పదకొండు దాటింది. పడుకున్నా నిద్ర పట్టదని తెలుసు, అందుకే లేచి కూర్చుని రాస్తున్నాను. పొద్దున ఒక ఇంట్లో చూసిన సంగతీ, రాత్రి తొమ్మిదిన్నరకి నేను చేసిన పనీ, ఈ రెండిటి మధ్యా రోజంతా కొట్టుకులాడిన మనసూ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒకచోట పెట్టుకోవాలి.

నేను ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తాను. రోజుకి ఐదారు ఇళ్ళు, ఒక్కో ఇంట్లో ముప్పావుగంట. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు హాల్లో కూర్చుని వెళ్ళిపోతారు. మేము నేరుగా మంచం దగ్గరికి వెళ్తాం. దుప్పటి తీస్తాం, కాళ్ళూ చేతులూ పట్టుకుని చూస్తాం. అంత నమ్మి లోపలికి రానిస్తారు. ఈరోజు నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ నమ్మకమే.

మామ్మగారికి 78 ఏళ్ళు. గుర్తు తెలియకుండా ఒకటి రెండు వివరాలు మార్చి రాస్తున్నాను. మూడు నెలల కింద బాత్‌రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. దానికి ముందునుంచే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉంది. కూతురు ఒక్కతే చూసుకుంటోంది. ఉద్యోగం కూడా మానేసింది. నేను ఆవిణ్ణి అక్కా అంటాను, ఆవిడ నన్ను డాక్టర్ గారూ అంటుంది.

రోజూ నేను వెళ్ళేసరికి మామ్మగారు కుర్చీలో కూర్చుని ఉంటారు. తల దువ్వి, మొహం కడిగి, తయారుగా. ఈరోజు అంతకుముందు వెళ్ళాల్సిన ఇంటివాళ్ళు వద్దన్నారని ఇరవై నిమిషాలు ముందే వెళ్ళాను. తలుపు తీసిన అక్క నన్ను చూసి తడబడింది. "ఒక్క నిమిషం కూర్చోండి డాక్టర్ గారూ" అని గబగబా లోపలికి నడిచింది. నేను అలవాటు కొద్దీ వెనకే వెళ్ళాను. మామ్మగారి గది తలుపుకి బయటివైపు గడియ. ఆవిడ దాన్ని లాగి తీయడం కళ్ళారా చూశాను. కొత్త గడియ. స్క్రూల తలలు ఇంకా మెరుస్తున్నాయి. బిగించినప్పుడు రాలిన చెక్కపొట్టు తలుపు పట్టీ మీద అలాగే ఉంది.

లోపల మామ్మగారు మంచం మీదే ఉన్నారు. అక్క నాకు అడ్డంగా నిలబడి దిండు సర్దింది, తర్వాత నీళ్ళు తెస్తానని వెళ్ళింది. అప్పుడు కనిపించింది, మంచం పక్క కడ్డీకి కట్టిన గుడ్డ. పాత చున్నీని నిలువుగా చింపి చేసిన పట్టీ. కడ్డీ వైపు ముడి ఎంత బిగుసుకుందంటే, అది ఎన్నాళ్ళ నుంచో విప్పని ముడి. రెండో కొస పరుపు కిందికి తోసి ఉంది, కానీ మొత్తం దూరలేదు. ఆ కొస గుండ్రంగా వంపు తిరిగి, చెయ్యి తీసేసిన గాజులా అలాగే నిలబడి ఉంది.

కుడి మణికట్టు చూశాను. రెండు వేళ్ళ వెడల్పున ఎర్రగా ఉంది. ఒకచోట పైచర్మం గీరుకుపోయింది.

"మామ్మగారూ, చెయ్యి ఏమైందండీ?" అన్నాను మెల్లగా.

ఆవిడ తన చేతిని తనదే కాదన్నట్టు చూసుకున్నారు. "రాత్రి అమ్మ కట్టేస్తుంది" అన్నారు. కొన్నాళ్ళుగా ఆవిడ కూతుర్నే అమ్మ అంటున్నారు.

"ఎందుకు?"

"పారిపోతానని." కాసేపాగి నా చెయ్యి పట్టుకున్నారు. "ఎవరికీ చెప్పకే తల్లీ. అమ్మకి కోపమొస్తుంది."

'చెప్పను లెండి' అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వయసు మనిషి అలా చెయ్యి పట్టుకుని అడిగితే ఎవరికైనా వస్తుంది. కానీ ఆ మాట మాత్రం ఇవ్వకూడదని చదువుకునే రోజుల్లోనే గట్టిగా చెప్పారు. ఇచ్చాక నిలబెట్టుకోలేం, నిలబెట్టుకుంటే ఆ మనిషికే చేటు. "మీకు నొప్పి లేకుండా చేయగలిగినవాళ్ళకి చెప్తాను మామ్మగారూ" అన్నాను. అర్థమైందో లేదో తెలియదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

అక్క నీళ్ళతో వచ్చింది. నేను ఏమీ జరగనట్టే కుర్చీలోకి మార్చి పరీక్ష మొదలుపెట్టాను. 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెడతాం. మూడు వారాల కింద 6 సార్లు లేచారు. పోయిన వారం 4. ఈరోజు 2, అదీ నా చెయ్యి పట్టుకుని. పోయిన వారం నేను మందుల వల్లేమో, ఇన్ఫెక్షన్ ఏమైనా ఉందేమో అని నోట్స్‌లో రాశాను. ఈరోజు ఆ అంకెలకి వేరే అర్థం కనబడింది. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే 10 రోజులు మంచం మీద ఉంచితే ఒక్క కాళ్ళలోనే కిలో దాకా కండ తగ్గిపోయింది. ఎముక విరిగిన మనిషిని రాత్రంతా, బహుశా పగలు కూడా కొంతసేపు, కదలకుండా కట్టి ఉంచితే నేను ముప్పావుగంట చేయించే వ్యాయామం ఏ మూలకి?

వెళ్ళే ముందు గుమ్మం దగ్గర ఆగాను. కట్టు సంగతి నేరుగా అడగాలా వద్దా అని అప్పటికింకా తేల్చుకోలేదు. అడిగితే, ఆవిడ నిజంగా హింసించే మనిషే అయితే, రేపటి నుంచి నన్ను రావద్దంటుంది. గుడ్డ మాయమవుతుంది, మామ్మగారి మీద కోపం మిగులుతుంది. అందుకని "అక్కా, మీకు రాత్రిళ్ళు నిద్ర ఉంటోందా?" అని మాత్రమే అడిగాను.

ఆవిడ మొహం ఒక్కసారిగా వాడిపోయింది. "వరసగా మూడు గంటలు పడుకుని ఎన్ని రోజులైందో డాక్టర్ గారూ. సాయంత్రం అయితే చాలు, ఇంటికెళ్ళాలి ఇంటికెళ్ళాలి అంటుంది. ఇదే మన ఇల్లమ్మా అంటే నమ్మదు. మొన్న రాత్రి రెండింటికి వీధి తలుపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయింది, ఆ విరిగిన కాలితో. ఇంకో రోజు గ్యాస్ వెలిగించి వదిలేసింది. నేనొక్కదాన్నే, ఎన్నని కాసుకోను?" మాట్లాడుతూనే గడియ మీద చెయ్యి వేసింది. "ఇది కూడా రోడ్డు మీదికి వెళ్ళిన మర్నాడే పెట్టించాను."

గుడ్డ గురించి మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు. కళ్ళ కింద నల్లగా, జుట్టు ముడి వీడిపోయి, మాసిన బట్టల్లో ఉంది ఆవిడ. తల్లి బట్టలు మాత్రం ఉతికినవి. తల్లి గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. పడకపుండ్లు ఒక్కటి కూడా లేవు, నేను వీపు, మడమలు చూశాను. రెండేసి గంటలకొకసారి పక్కకి తిప్పమని నేను చెప్పిన మాటని ఇన్నాళ్ళూ పాటించిందని అర్థం. ఇంత చేసిన మనిషి మీద రిపోర్టా?

తర్వాతి ఇళ్ళలో నా చేతులు పనిచేశాయి గానీ నేను అక్కడ లేను. ఒకాయన మోకాలు ఎంత వంగిందో కొలిచి, ఆ అంకెని రెండుసార్లు తప్పు రాశాను.

పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కింద ఒక పెద్దాయన ముంజేతుల మీద ఊదారంగు మచ్చలు చూసి కొట్టారేమో అని హడలిపోయాను. తొందరపడకుండా ముందు డాక్టరుగారిని అడిగాను. ఆ పెద్దాయన రక్తం పలుచబడే మందు వాడుతున్నారు, వయసుతో చర్మం కాగితంలా పలచబడింది, తలుపుకి చెయ్యి తగిలినా కములుతుంది. ఆ తర్వాతే దీని గురించి చదివాను. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో పెద్దవాళ్ళకి మామూలుగా తగిలే కమిలిన మచ్చల్లో 90 శాతం దాకా చేతుల మీదా కాళ్ళ మీదా వచ్చినవే. మెడ, చెవులు, పిరుదులు, అరికాళ్ళ మీద ఒక్కటీ లేదు. రంగుని బట్టి మచ్చ ఎన్ని రోజులదో చెప్పడం కూడా కుదరదని అందులోనే తేలింది, కొన్ని మొదటి రోజే పసుపుగా కనిపించాయి. అందుకే చేతి మీద మచ్చ చూడగానే నేను దేన్నీ తేల్చెయ్యను. కానీ ఈరోజు చూసినది తలుపుకి తగిలిన మచ్చ కాదు. మణికట్టు చుట్టూ కంకణంలా, గుడ్డ వెడల్పుకి సరిపోయే గుర్తు. పక్కనే గుడ్డ.

మధ్యాహ్నం తోటి ఫిజియో ఒకామెకి పేరు చెప్పకుండా సంగతి చెప్పాను. "వాళ్ళ ఇంటి విషయం, నీకెందుకు? పైగా మతి సరిగా లేని మనిషి మాట పట్టుకుని" అంది. ఆ రెండో మాట నాకు చాలా బాధ కలిగించింది. డిమెన్షియా ఉన్నవాళ్ళు తేదీలు మరిచిపోతారు, కూతుర్ని అమ్మ అంటారు. అంతమాత్రాన చెయ్యి నొప్పి అన్నమాట అబద్ధం కాదు. వాళ్ళ మాట ఎవరూ వినరు కాబట్టే వాళ్ళకి ఏం జరిగినా బయటికి రాదు. 60 దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపుకో నిర్లక్ష్యానికో గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలాంటివి 24 జరిగితే ఒక్కటే ఎవరికైనా తెలిసేది అని కూడా ఆ సంస్థే రాసింది. మిగతా 23 ఇళ్ళకీ నాలాంటి వాళ్ళు ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారు కదా అని పదేపదే అనిపించింది.

సాయంత్రం నాకు పని నేర్పిన సీనియర్ మేడంకి ఫోన్ చేశాను. ఆవిడ సలహా ఇవ్వలేదు. "కాగితం మీద నువ్వు చూసింది ఒక పక్క రాసుకో, నువ్వు అనుకున్నది ఇంకో పక్క రాసుకో. రాశాక నువ్వే చెప్పు" అన్నారు. రాశాను. చూసిన పక్క: బయటివైపు గడియ, కడ్డీకి గుడ్డ, మణికట్టు మీద గుర్తు, మామ్మగారు అన్న మాటలు, 6, 4, 2 అన్న అంకెలు. అనుకున్న పక్క: కూతురు చెడ్డదా, మంచిదా, కావాలని చేసిందా, గతిలేక చేసిందా. రోజంతా నేను నలిగిపోయింది ఈ రెండో పక్క గురించే. దాన్ని తేల్చడం నా వల్ల అయ్యే పని కాదు, నన్నెవరూ తేల్చమనలేదు కూడా. మొదటి పక్కలో ఉన్నవి మాత్రం నేను తప్ప ఇంకెవరూ చూడలేదు.

ఇంకొకటి కూడా అప్పుడే కళ్ళకు కట్టింది. రాత్రి పొగో మంటో వస్తే బయటి గడియ తీసేదెవరు? కూతురు అలసటతో ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంటుంది. కట్టిన మనిషి మంచం మీంచి జారితే కడ్డీకీ పరుపుకీ మధ్య ఇరుక్కుని ఊపిరాడక పోయిన సందర్భాలు ఉన్నాయి. కట్టేస్తే కంగారు తగ్గదు, ఇంకా పెరుగుతుంది. కూతురికి ఎంత ప్రేమ ఉన్నా ఆ ముడి వల్ల వచ్చే ప్రమాదం అంతే ఉంటుంది.

తొమ్మిదిన్నరకి మా ఇన్‌ఛార్జ్ మేడంకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఈ రాత్రికి ప్రమాదం ఉందా?" పొద్దున్నుంచి ఇన్ని ఆలోచించాను, ఆ ప్రశ్న మాత్రం నాకు నేను వేసుకోలేదు. పదకొండు గంటలకి చూసి తొమ్మిదిన్నరకి చెప్పడమే ఆలస్యం అని అప్పుడు తెలిసొచ్చింది. "ఉందండీ" అన్నాను.

ఈ రాత్రికే ఒక ఆయాని పంపిస్తానన్నారు. రేపు పొద్దున డాక్టరుగారూ సోషల్ వర్కరూ వెళ్తారు, పెద్దవాళ్ళ రక్షణ చూసే అధికారులకి రిపోర్టు పంపక తప్పదు, అది మా దగ్గర నియమం. ఆ మాట వినగానే గుండె జారింది. రిపోర్టులో మామ్మగారి మాటలు ఆవిడ అన్నవి అన్నట్టే కొటేషన్లలో రాశాను, నా ఊహ ఒక్కటీ కలపలేదు. 'హింస' అన్న మాట వాడలేదు. గోళ్ళు కత్తిరించి ఉన్నాయనీ, పడకపుండ్లు లేవనీ, కూతురు నిద్రలేక నీరసించి ఉందనీ, అడగకుండానే సాయంత్రం కంగారు గురించి తానే చెప్పిందనీ కూడా రాశాను. అవి కూడా నేను చూసినవే, విన్నవే. కింద విడిగా అడిగాను: రాత్రికి మనిషి సాయం, వీధి తలుపుకి తెరిస్తే మోగే అలారం, నేలకి దగ్గరగా ఉండే మంచం, సాయంత్రం కంగారుకి డాక్టరుగారి సలహా, గ్యాస్‌కి తాళం. గడియ, గుడ్డ లేకుండా కూడా ఆ ఇల్లు గడవాలి.

పంపాక చాలాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

పదీ నలభైకి అక్క దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "ఆవిడ వచ్చారు. అమ్మ పక్కన కూర్చున్నారు. మీరే చెప్పారని తెలుసు." రెండు నిమిషాల తర్వాత ఇంకొకటి: "రేపు వస్తారా?"

"పదకొండుకి వస్తాను అక్కా" అని పంపాను.

చదివినట్టు చూపిస్తోంది. జవాబు ఇంకా రాలేదు.