మేడమ్ గారి గోత్రం

తైత్తిరీయోపనిషత్తు మొదటి భాగమైన శీక్షావల్లిలో పదకొండో అనువాకం, అంటే పదకొండో ఖండం, చదువు పూర్తయిన శిష్యుణ్ణి ఇంటికి పంపుతూ ఆచార్యుడు చెప్పే మాటలు. అందులో "మాతృదేవో భవ" అందరికీ నోటికి వచ్చు. దానికి సరిగ్గా ముందున్న రెండు వాక్యాలను మాత్రం చాలామందిమి పట్టించుకోం. "స్వాధ్యాయప్రవచనాభ్యాం న ప్రమదితవ్యమ్. దేవపితృకార్యాభ్యాం న ప్రమదితవ్యమ్." చదువుకోవడం, చదివింది పదిమందికి చెప్పడం ఏమరవద్దు. దేవతలకు, పితృదేవతలకు చేయవలసింది ఏమరవద్దు. ఆ వెంటనే అమ్మ, నాన్న, ఆచార్యుడు, అతిథి.

అమ్మ పోయినప్పటి నుంచి నా మనసు ఈ వరుస దగ్గరే ఆగిపోతోంది. పాఠం చెప్పడమూ, పితృకార్యమూ ఒకే ఊపిరిలో ఎందుకు చెప్పాడా ఋషి?

మా అమ్మ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పేది. 1926లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం చిహ్నం మీద ఉండే "తేజస్వి నావధీతమస్తు" కూడా ఈ ఉపనిషత్తు శాంతిమంత్రంలోదే. మేం కలిసి చదివిన చదువు తేజస్సుతో నిండాలని గురువు, శిష్యుడు ఇద్దరూ కలిసి చేసే ప్రార్థన అది. అమ్మ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న పాఠాన్నయినా ముందురోజు రాత్రి మళ్ళీ చదివేది. వంటిల్లు సర్దుకున్నాక బల్ల ముందు కూర్చునేది. ఆ నోట్సు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. అంచుల్లో పెన్సిల్‌తో సన్నగా రాసుకున్న మాటలు కనిపిస్తాయి: "ఇది ఒకబ్బాయి అడిగాడు. సరిగా చెప్పలేకపోయాను. చూడాలి." దాని కింద వేరే సిరాతో జవాబు. కొన్ని జవాబులు అర పేజీ దాకా ఉన్నాయి. పిల్లవాడి ప్రశ్నను ఇంటికి మోసుకొచ్చి, జవాబు దొరికేదాకా వదలకపోవడం తపస్సు కాక మరేమిటి?

ఇది నేను అమ్మ మీద ప్రేమతో అంటున్న మాట కాదు. అదే శీక్షావల్లి తొమ్మిదో అనువాకంలో ముగ్గురు ఋషుల అభిప్రాయాలు వస్తాయి. రాథీతరుడు సత్యమే ముఖ్యమన్నాడు. పౌరుశిష్టి తపస్సే ముఖ్యమన్నాడు. నాకుడనే మౌద్గల్యుడు మాత్రం స్వాధ్యాయ ప్రవచనాలు చాలన్నాడు. "తద్ధి తపస్తద్ధి తపః", అదే తపస్సు, అదే తపస్సు అని అనువాకం ముగుస్తుంది.

పదకొండో అనువాకంలోనే దానం ఎలా చేయాలో కూడా ఉంది. "శ్రియా దేయమ్, హ్రియా దేయమ్, భియా దేయమ్." ఉన్నంతలో ఇవ్వు, సిగ్గుతో ఇవ్వు, భయంతో ఇవ్వు. ఇచ్చేవాడికి సిగ్గెందుకు, భయమెందుకు అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. పరీక్ష ఫీజు కట్టలేని పిల్లల తరఫున అమ్మ కట్టి, ఎవరు కట్టారో చెప్పవద్దని ఆఫీసులో బతిమాలుకునేదని తరవాత తెలిసింది. ఎక్కడ ఆ పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడోనని భయం. ఆ మంత్రానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకింకెక్కడా దొరకలేదు.

కిందటి భాద్రపదంలో, వినాయక చవితి హడావిడి సద్దుమణిగాక, అమ్మ పాత విద్యార్థి ఒకాయన ఫోన్ చేశారు. ఆయన ఇప్పుడు ఒక కాలేజీలో లెక్చరర్. కుశల ప్రశ్నలయ్యాక కాస్త మొహమాటపడుతూ అడిగారు. "అమ్మా, మేడమ్ గారి గోత్రం ఏమిటో చెప్తారా? మహాలయ పక్షంలో నాన్నగారికి పెడుతున్నాను. మేడమ్ గారికీ నీళ్ళు వదులుదామని."

నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. పోయినవాళ్ళ పేర్లు చెప్పి నీళ్ళు వదిలే మహాలయ తర్పణం చూసినవాళ్ళకు తెలుసు, ఆ జాబితా చాలా పెద్దది. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, అమ్మమ్మ వైపు వాళ్ళు, అన్నదమ్ములు, మేనమామలు, అత్తమామలు అందరూ వస్తారు. ఆ పేర్లన్నీ అయ్యాక చివరికి గురువు వస్తాడు. పురోహితుడు ఆ మాట అన్నప్పుడు చాలామంది మౌనంగా తరవాతి పేరుకు వెళ్ళిపోతారు. అక్కడ చెప్పుకోవడానికి ఈయనకు ఒక పేరుంది. అది మా అమ్మ పేరు. మా అన్నయ్య అదే పక్షంలో తల్లి వరుసలో చెప్పే పేరు, ఇంకో ఊళ్ళో ఇంకొకరు గురువు వరుసలో చెబుతారు. రక్తసంబంధం లేని మనిషి చేతిలో దర్భలు, నల్లనువ్వులు. ఆ దర్భ పేరు, ఆ నువ్వుల మొక్క కుటుంబం పేరు ఆయనకు మొదట చెప్పింది అమ్మే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారే ఆ నీళ్ళు అమ్మకు చేరవని ఎవరనగలరు?

మనిషి మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. సంతానంతో పితృఋణం తీరుతుంది, చదువుతో ఋషిఋణం తీరుతుంది. మాకు అమ్మ దగ్గర ఆ రెండు ఋణాలూ ఉన్నాయి. అన్నయ్య తద్దినం శ్రద్ధగా పెడతాడు, అందులో లోటు లేదు. కానీ రెండో బాకీ పిండంతో తీరేది కాదు. అందుకే అమ్మ తిథినాడు కార్యక్రమమంతా అయ్యాక, సాయంత్రం మా వీధి పిల్లల్ని కూర్చోబెట్టి ఆ నోట్సులోంచి ఒక ప్రశ్న తీసి చెబుతున్నాను. నేను వృక్షశాస్త్రం చదివినదాన్ని కాదు. ముందురోజు రాత్రి కూర్చుని చదువుకోవాల్సి వస్తుంది.

మీకు పాఠం చెప్పి, వెళ్ళిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ ఇంట్లో మహాలయం పెట్టే ఆచారం ఉంటే, గురువు వరుస వచ్చినప్పుడు వారి పేరు చెప్పండి. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అనుకోవచ్చని పెద్దలంటారు. పేరు మాత్రం ముందే కనుక్కుని కాగితం మీద రాసి పురోహితుడి చేతికివ్వండి. ఆ వేళకు తడుముకోకుండా ఉంటుంది.