అయిదు నిమిషాల సాక్ష్యంలో చెప్పలేకపోయినవి

ఆఫ్రికాలోని మలావీలో పనిచేసి, ఒడిశాలోని మా పర్లాకిమిడికి తిరిగొచ్చిన మూడో ఆదివారం మా సంఘంలో నా కోసం కృతజ్ఞత కూడిక పెట్టారు. పాస్టరు గారు "సిస్టర్ ఒక అయిదు నిమిషాలు సాక్ష్యం చెప్తారు" అని మైకు చేతికిచ్చారు. పద్దెనిమిది నెలలు, అయిదు నిమిషాలు. దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు, మీ ప్రార్థనల వల్ల క్షేమంగా వెళ్ళి వచ్చాను అన్నాను, ఆపైన ఏం చెప్పాలో తోచక కలరా వార్డు గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చుండిపోయాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న సవర పెద్దాయన ఒకాయన మాత్రం బయట చెప్పులేసుకుంటూ "అక్కడ నీకు అన్నం ఎవరు పెట్టారమ్మా?" అని అడిగారు.

అసలు చెప్పాల్సింది అదే. అదొక్కటే వదిలేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను నర్సుని. బిస్సం కటక్‌లో చదివాను, 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ మొదలుపెట్టిన ఆసుపత్రి అది. చదివినన్నాళ్ళూ ఆవిడ చేసిన పనుల గురించి వింటూనే ఉండేవాళ్ళం. మా గజపతి, రాయగడ జిల్లాల వైపు ఏ పాత మిషన్ బంగళాకి వెళ్ళినా ఇంతే, కెనడా నుంచి ఎవరొచ్చారు, ఏ సంవత్సరం గుడి కట్టారు, బడి కట్టారు అని చెప్తారు. వాళ్ళకి జ్వరమొస్తే జావ కాచి పోసింది ఎవరో ఎవరూ చెప్పరు. నాకూ అప్పట్లో ఆ ప్రశ్న రాలేదు. నేను మలావీ వెళ్ళాక వచ్చింది.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తాను, తలుచుకుంటే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది. నా పేరులో 'వ' ఉంది. ఒడియా వాళ్ళ నోట్లో అది 'బ' అవుతుంది, బడిలో మాస్టారు అలాగే రాసేశారు, దాంతో టెన్త్ సర్టిఫికెట్లో ఒక మనిషిని, ఆధార్‌లో ఇంకో మనిషిని. పైగా ఇంటిపేరు ఒకచోట పొట్టక్షరం, ఒకచోట పూర్తిగా. ఇక్కడ పుట్టిన తెలుగువాళ్ళని ఎవరినడిగినా ఇలాంటి కథ ఒకటి చెప్తారు. అఫిడవిట్లు, పేపర్లో ప్రకటన, భువనేశ్వర్‌కి మూడు ట్రిప్పులు, అన్నీ అయ్యేసరికి అయిదు నెలలు.

పాస్‌పోర్టు వచ్చింది కదా అనుకుంటే ఎల్లో ఫీవర్ టీకా. ముంబై నుంచి ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా మలావీలోని బ్లాంటైర్‌కి మా టికెట్లు, ఇథియోపియా ఆ జ్వరం ఉన్న దేశాల్లో ఒకటి, పసుపు కార్డు, అంటే ఆ టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్, లేకుండా ఆ దారిలో తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టికెట్ తీసిన ఏజెంటు "ముందు రోజు వేయించుకున్నా పర్లేదు మేడం" అన్నాడు. నేను నమ్మి ఊరుకున్నాను, నర్సునై ఉండి కూడా. మా టీములో ఆరుగురం, అప్పటికి ఒకరి ముఖం ఒకరం చూడలేదు, వాట్సాప్ గ్రూపే. ప్రయాణానికి పదమూడు రోజులుందనగా రాత్రి పదకొండింటికి మిజోరం నర్సు ఒకామె విడిగా మెసేజ్ పెట్టింది, "టీకా అయిందా? వేశాక పది రోజులు దాటితేనే కార్డు చెల్లుతుంది." నా కాళ్ళు చల్లబడ్డాయి. మర్నాడు గుణుపూర్ నుంచి వచ్చే పాసింజరెక్కి విశాఖ, అక్కడ పోర్టు హెల్త్ వాళ్ళ దగ్గర టీకా. ఆ వారానికి టీకా వేసే రోజు అదేనట, తప్పితే మళ్ళీ వారం. రెండు రోజుల తేడాతో గట్టెక్కాను. ఆ అమ్మాయికి నేను ఎవరో కూడా తెలియదు. గ్రూపులో అందరూ కార్డు ఫొటోలు పెట్టారు, నేనొక్కదాన్నే పెట్టలేదు, అది చూసి అడిగిందట.

2022 సెప్టెంబరులో దిగాం. మా ఆసుపత్రి ములాంజె కొండ కింద. మహేంద్రగిరి చూస్తూ పెరిగినదాన్ని, కొండంటే నాకు అదే లెక్క. అది 1,501 మీటర్లు, ములాంజెలో ఎత్తైన సపిట్వా శిఖరం 3,002. సరిగ్గా రెట్టింపు. కింద తేయాకు తోటలు, మధ్యలో ఎర్రమట్టి దారి, పిల్లలు నన్ను చూసి "అమ్వేన్యే! అమ్వేన్యే!" అని అరుస్తూ వెంటపడేవాళ్ళు, అంటే ఇండియా వాళ్ళని.

మొదటి రోజు వార్డులో అందరూ పెద్ద నర్సుని "అమాయి" అని పిలుస్తుంటే నాకు నవ్వాగలేదు. యాభై దాటిన మనిషిని పట్టుకుని అమ్మాయి ఏమిటి! తర్వాత తెలిసింది, చిచేవా భాషలో అమాయి అంటే అమ్మ. మన అమ్మాయి అక్కడికి పోతే అమ్మ అయిపోతుంది. ఆవిడకి ఇది వివరిస్తే కడుపు పట్టుకుని నవ్వి, ఆ రోజు నుంచి నన్ను "అమ్మాయి" అనే పిలిచేది, నేను ఆవిడని అమాయి అని. కొత్తవాళ్ళకి మా ఇద్దరి పిలుపుల్లో తేడా తెలిసేది కాదు.

వానలు మొదలయ్యాక కలరా పెరిగింది. ఆ దేశ చరిత్రలోనే అంత పెద్దది ఎప్పుడూ రాలేదు, మొత్తం 58 వేలకు పైగా కేసులు, 1,700 మందికి పైగా పోయారు. మాకు టెంటు వేశారు. నడుం దగ్గర రంధ్రం ఉన్న మంచాలు, కింద బకెట్లు, గుమ్మంలో క్లోరిన్ నీళ్ళు. నా మొదటి రాత్రి డ్యూటీలో ఒక ముసలావిడకి నరం దొరకలేదు. నీరంతా పోయి చెయ్యి ఎండిన కొమ్మలా ఉంది, రెండుసార్లు పొడిచాను, మూడోసారి నా చెయ్యే వణికింది. పదేళ్ళ సర్వీసు నాది. అమాయి వచ్చి ఏమీ అనకుండా నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి నోట్లో పెట్టుకుని, మోచేతి పైన వేలితో నొక్కి చూపించింది, ఇక్కడ. అక్కడ దొరికింది. రింగర్ లాక్టేట్, అంటే నరంలోకి ఎక్కించే ద్రవం, పరుగెత్తింది.

తెల్లవారాక చేతులు మూడుసార్లు కడుక్కుని బయట అరుగు మీద కూర్చున్నాం. ఆవిడ క్యారేజీ తెరిచింది. న్సిమా, అంటే మొక్కజొన్న పిండి సంకటి, మన చోడి (రాగి) సంకటికి తెల్ల చొక్కా తొడిగినట్టుంటుంది. పక్కన ఉసిపా, మలావీ సరస్సులో పట్టి ఎండబెట్టే చిన్న చేపలు. ఆ వాసన తగిలేసరికి పర్లాకిమిడి ఎండుచేపల వీధి మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. అచ్చం మెత్తళ్ళు! ముద్ద చేసి, బొటనవేలితో గుంట పెట్టి, చేపతో నోట్లో వేసుకున్నాను. అక్కడివాళ్ళు తినేదీ అలాగే. అమాయి నన్ను చూసి, "నీకు ఎవరు నేర్పారు?" అంది. మా అమ్మ అన్నాను.

అక్కడ జికోమో అనే మాట రోజుకి వందసార్లు వినబడుతుంది. థాంక్స్ అని. ఊరికే అనడం కాదు, కొంచెం మోకాళ్ళు వంచి, కుడిచేత్తో అందుకుంటూ ఎడమచెయ్యి మోచేతికి ఆనించి అనాలి. నేను మొదట్లో ఏదో బస్సు టికెట్ తీసుకున్నట్టు తీసుకునేదాన్ని. మన ఇళ్ళల్లో సొంతవాళ్ళకి థాంక్స్ చెప్పడం అలవాటు లేదు కదా, చెప్తే పరాయివాళ్ళని చేసినట్టు. ఒకసారి మా అమ్మకి ఫోన్లో చెప్తే "మనోళ్ళకి థాంక్సులేటే?" అని నన్నే కసిరింది. నాకు ఇప్పటికీ ఎటూ తేలలేదు. అమాయికి చెప్పకపోతే మర్యాద తక్కువ, చెప్తే అమ్మ లెక్కలో ఆవిడ పరాయిది.

ఇక మిజో నర్సు. మా ఇద్దరికీ ఒకే గది, ఒక స్టవ్వు, ఒక కిటికీ. అందరూ ప్రేమగా కలిసిమెలిసి ఉన్నామని రాస్తే అబద్ధం. ఆమె ఇంటి నుంచి బెకాంగ్ తెచ్చుకుంది, పులియబెట్టిన సోయా. ఆ వాసన గురించి నేను టీములో ఇంకొకరి దగ్గర వెటకారంగా అన్నాను. అది ఆమె చెవినపడింది. నా పెట్టెలో రెండు కిలోల ఎండు మెత్తళ్ళు పెట్టుకుని ఆ మాట అన్నాను చూడండి! తొమ్మిది రోజులు మాటల్లేవు. ప్రార్థనలో పక్కపక్కన కూర్చుని ఆమెన్ అనేవాళ్ళం, గదిలో గోడల్లా ఉండేవాళ్ళం.

పదో రోజు, ఫిబ్రవరిలో, నాకు మలేరియా. గజపతి కొండల్లో పనిచేసినదాన్ని, ఆ చలి మొదలవగానే తెలిసిపోయింది. టెస్టులో రెండు గీతలు. దానికిచ్చే మందుని అక్కడ ఎల్.ఏ. అంటారు, పూటకి నాలుగు మాత్రలు, మూడు రోజులు, మొత్తం ఇరవై నాలుగు. మొదటి డోసు పడిన ఎనిమిది గంటలకి కచ్చితంగా రెండోది పడాలి, పైగా నూనో కొవ్వో ఉన్న తిండితో వేసుకోవాలి, లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు. సాయంత్రం ఆరింటికి మొదటిది వేసుకుని పడిపోయాను. రాత్రి రెండింటికి అలారం మోగింది. నాది కాదు.

ఆమె దీపం పెట్టింది, కరెంటు లేదు. చేతిలో గిన్నె, వేరుశనగ పొడి కలిపిన ఫాలా, అంటే జావ. ఆ పొడి సాయంత్రమే అమాయి పంపిందట. నా అరచేతిలో ఒక్కొక్క మాత్రా పెడుతూ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంది. తెలుగులో. నేను ఎప్పుడూ నేర్పలేదు. వార్డులో నాడి చూసేటప్పుడు నేను తెలుగులోనే లెక్కపెడతాను, నాకే తెలియకుండా పైకి వినబడుతుందట, తొమ్మిది రోజులు మాట్లాడకపోయినా వింటూ ఉంది. నేను సారీ అన్నాను. "తిను ముందు" అంది. మూడో రోజు నోరు చేదెక్కి ఏదీ సహించకపోతే, ఆ బెకాంగ్ చట్నీ కొంచెం పెట్టవా అని నేనే అడిగాను. ఎంత నవ్వించానో చెప్పలేను. బావుంది కూడా, నిజంగా.

తర్వాతి నెల 12న ఫ్రెడ్డీ తుపాను. ఆస్ట్రేలియా పక్కన పుట్టి హిందూ మహాసముద్రం మొత్తం దాటొచ్చింది, అయిదు వారాలకు పైగా బతికిన తుపాను. 2018 అక్టోబరులో తిత్లీ మమ్మల్ని ఎలా కొట్టిందో నాకు గుర్తుంది, మా జిల్లాలో బరఘరా దగ్గర కొండ విరిగి పడింది. అందుకే రెండో రోజు వాన ఆగకపోయేసరికి నాకు గాలి కంటే కొండ భయమెక్కువైంది. మా వాచ్‌మన్ తాతని (అగోగో అంటారు) వాలు పక్కనున్న ఇల్లు వదిలి చర్చిలోకి రమ్మని బతిమాలాను, నా విరిగిన చిచేవాలో. నవ్వాడు కానీ వచ్చాడు. ఆయన ఇల్లు నిలబడింది లెండి, మట్టి పక్క నుంచి పోయింది. కూలింది అమాయి వంటింటి గోడ. అయినా మర్నాడు ఏడింటికి, బురద కాళ్ళతో, యూనిఫాం తలమీద మూటకట్టుకుని డ్యూటీకొచ్చింది. ఆ వారం చర్చిలో పడుకున్న జనానికి వండిన పెద్ద గిన్నె దగ్గర మా ఆరుగురినీ ముందు కూర్చోబెట్టారు, అతిథులని. నేను వద్దన్నాను. ఎవరూ వినలేదు.

2023 నవంబరులో అక్కడి రిజర్వు బ్యాంకు క్వాచా, అంటే అక్కడి డబ్బు, విలువ తగ్గించింది, డాలరు ధర ఒక్కసారిగా 44 శాతం పెరిగింది. నూనె, పంచదార, మినీబస్సు, అన్నీ ఎగిరాయి. మా ఖర్చు ఇండియా నుంచి వచ్చేది కాబట్టి మేం తట్టుకున్నాం, అమాయి జీతం మాత్రం అంతే. ఆ వారంలోనే ఒక సాయంత్రం గుమ్మం దగ్గర "ఓది!" అని వినబడింది. అక్కడ తలుపు కొట్టరు, అలా పిలుస్తారు. చూస్తే అమాయి, నెత్తి మీద మొక్కజొన్న పిండి సంచి. నాకు కోపమే వచ్చింది ముందు. మీ ఇంట్లో నలుగురు పిల్లలు, మాకెందుకు తెచ్చారు, మాకు డబ్బులున్నాయి అని గట్టిగా అనేశాను. ఆవిడ సంచి దించి, చెమట తుడుచుకుని, "అమ్మాయి ఇంటికి ఉత్త చేతుల్తో వస్తారా?" అంది. మా ఊళ్ళో పిన్నిగారు అన్నట్టే ఉంది ఆ మాట. కుడిచెయ్యి చాచి, ఎడమచెయ్యి మోచేతికి ఆనించి, మోకాళ్ళు వంచి అందుకున్నాను. అప్పటికి నాకు వచ్చేసింది.

ఇవన్నీ ఆ సవర పెద్దాయనకి చెప్పాను, మర్నాడు ఇంటికి పిలిచి, గంటన్నర. టీ చల్లారిపోయింది. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. నాలుగు రోజుల తర్వాత కొండ మీద నుంచి దిగి వచ్చి గుడ్డలో కట్టిన జీడిపప్పు ఇచ్చారు, "ఆవిడకి పంపు" అని.

గుణుపూర్ అమ్మాయి ఒకతె వచ్చే నెల అదే ఆసుపత్రికి వెళ్తోంది. ఫోన్ చేసి మొట్టమొదట అడిగింది టీకా సంగతే, ఇంకా వేయించుకోలేదట, రేపే విశాఖ బయల్దేరమన్నాను. పార్సిల్ ఆమె చేతికే ఇస్తున్నాను. అందులో జీడిపప్పు, మా ఊరి కొమ్ము దువ్వెన ఒకటి. మిజోరం వెళ్ళిపోయినామెకి వేరే కొరియరు. అమ్మ పొద్దున్నుంచి ఆ సంచి మూడుసార్లు విప్పి కట్టింది. ఇప్పుడే వచ్చి చూస్తే అడుగున అరకిలో ఎండు మెత్తళ్ళు కూడా పెట్టింది.

"వాళ్ళకి అక్కడ ఉసిపా ఉందే అమ్మా" అన్నాను.

"ఉంటే ఉండనీ, ఇవి మనవి" అంది.