బఫర్ బతికే ఉంది, ఇల్లు మారిందంతే

పోయిన నెల సగం ఒక్క బగ్‌కే పోయింది, రాసి పెట్టుకోకపోతే రెండేళ్ల తర్వాత మళ్లీ నేనే ఇదే గోతిలో పడతా.

సీ షార్ప్ అప్లికేషన్, దానికో కెమెరా. కెమెరాతో ఇచ్చిన లైబ్రరీ సీలో రాసింది, స్టార్ట్ ఫంక్షన్‌కి ఒక బైట్ ఎర్రే (వరసగా బైట్లు పట్టే మెమరీ ముక్క, నా బఫర్ ఇదే) ఇస్తే అడ్రస్ గుర్తుపెట్టుకుని ఫ్రేమ్ వచ్చినప్పుడల్లా అందులోకే రాస్తూ పోతుంది. ఎర్రేని క్లాస్ ఫీల్డ్‌లో పెట్టా, ఇంకేం, జీసీ (గార్బేజ్ కలెక్టర్, సీ షార్ప్ నడిచే డాట్‌నెట్‌లో ఎవరూ వాడని మెమరీని ఊడ్చేది) దాని జోలికి రాదని ధీమా. నా టేబుల్ మీద రోజంతా నడిచింది.

తర్వాత క్లయింటు చిన్న ప్రివ్యూ చాలన్నారని 640×480 తీసి 160×120 పెట్టాం. అక్కణ్ణుంచి మొదలు, ఒకసారి పది నిమిషాలకి, ఒకసారి మూడు గంటలకి ప్రాసెస్ ఢమాల్. క్రాష్ అయినప్పుడు ఏ ఫంక్షన్లు నడుస్తున్నాయో చూపించే స్టాక్ చూస్తే నా కోడ్ లేదు, లైబ్రరీ లేదు, జీసీ ఉంది! పెద్ద బొమ్మకి పడాల్సింది చిన్నదానికి పడటమేంటో నాకు రెండ్రోజులు బుర్రకెక్కలేదు.

విషయం ఏంటంటే డాట్‌నెట్‌లో 85,000 బైట్లు, ఆపైన ఉన్నవి లార్జ్ ఆబ్జెక్ట్ హీప్‌లోకి (పెద్దవాటికి విడిగా ఉంచిన మెమరీ) పోతాయి, దాన్ని జీసీ మామూలుగా కదపదు. పిక్సెల్‌కి ఒక బైట్ కాబట్టి నా పాత ఫ్రేమ్ 3,07,200 బైట్లు, అదృష్టం కొద్దీ అక్కడ కూర్చుంది. కొత్తది 19,200. మామూలు హీప్‌లో పడింది, జీసీ ఖాళీలు సర్దేటప్పుడు దాన్ని జరిపేసింది. పీ ఇన్వోక్‌లో, అంటే సీ షార్ప్ నుంచి సీ ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు, రన్‌టైమ్ బైట్ ఎర్రేని పిన్ చేస్తుంది (కదలకుండా బిగిస్తుంది) నిజమే, కానీ ఆ కాల్ తిరిగొచ్చేదాకానే. మనం ఇల్లు మారినా పాలవాడు పాత ఇంటి గుమ్మంలోనే ప్యాకెట్ పడేసి పోతున్నట్టు, లైబ్రరీ పాత అడ్రస్‌లోనే రాస్తోంది, ఈలోపు అక్కడ వేరే ఆబ్జెక్ట్ దిగింది, దాని హెడర్ (అది ఏ రకం ఆబ్జెక్టో జీసీకి చెప్పే మొదటి బైట్లు) నాశనమైంది, తర్వాతెప్పుడో జీసీ అటు తిరిగినప్పుడు చచ్చింది.

అనుమానం తీర్చుకోడానికి స్టార్ట్ అవగానే కంపాక్ట్ చెయ్యమని, అంటే ఖాళీలు సర్దమని, జీసీ కలెక్ట్ పిలిచా. ప్రివ్యూలో నా చెయ్యి ఊపుతూ ఊపుతూ గాల్లో ఆగిపోయింది. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు, లైబ్రరీ మాత్రం ఫ్రేమ్‌లు వస్తున్నాయనే లెక్క చెప్తోంది. ప్రివ్యూ కొత్త అడ్రస్‌లో చదువుతోంది, ఫ్రేమ్‌లు పాత అడ్రస్‌లో పడుతున్నాయి.

డాట్‌నెట్ 5 నుంచి జీసీలో అలొకేట్ ఎర్రే ఉంది, పిన్డ్ ట్రూ అని ఇస్తే పుట్టడమే కదలని హీప్‌లో పుడుతుంది, అదే వాడా. పాత వెర్షన్ అయితే జీసీ హ్యాండిల్‌తో పిన్ చేసుకోవాలి, కెమెరా స్టాప్ అయ్యాకే ఫ్రీ చెయ్యాలి, తిరగేస్తే మళ్లీ ఇదే కథ. అలొకేట్ ఎర్రే వాడినా ఫీల్డ్‌లో రిఫరెన్స్ మాత్రం ఉంచండి, ఇలా పిన్డ్‌గా పుట్టినంత మాత్రాన జీసీ వదిలెయ్యదు, ఎవరూ పట్టుకోకపోతే ఊడ్చేస్తుంది.

కొసమెరుపు ఏంటంటే క్లయింటు దగ్గర కూర్చునే అబ్బాయి మొదటి రోజే చెప్పాడు, "సార్, ముందు బొమ్మ ఆగుద్ది, కాసేపటికి యాప్ పోద్ది" అని. నేను కేబుల్ మార్చి చూడమన్నా.